మేస్త్రీ దెబ్బ

“సర్దారు మొదటి దెబ్బ తనే కొట్టాడు. రాత్రంతా నీళ్ళలో నానిన గోగునార తాడు ఇనప గొలుసంత బరువెక్కింది. అది వీపు మీద పడ్డ చప్పుడుకి మగ్గాల మధ్య నిలబడ్డ పన్నెండుమందీ ఒక్కసారే కళ్ళు మూసుకున్నారు. చర్మం చిట్లి...”

అనంతకృష్ణ ఇక్కడ ఆగి కళ్ళజోడు పైనుంచి చూశాడు. చర్మం చిట్లిన చోట ఆగడం ఆయనకి అలవాటు. ఆ దెబ్బ వినేవాడి మొహంలో కనిపిస్తే గాని ఆయనకి తృప్తి ఉండదు.

నవల పేరు ‘చటకల్’. జనపనార మిల్లుని బెంగాలీలు అలాగే అంటారు. వందేళ్ళ కిందట శ్రీకాకుళం వైపునుంచి బడ్జ్ బడ్జ్ మిల్లుకి వలస వచ్చిన కూలీల కథ. ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఒక్కరినీ గట్టిగా కసిరి ఎరగని మనిషి, రిటైరయ్యాక న్యూ అలీపూర్ ఫ్లాట్లో కూర్చుని ఆరు నెలల్లో కాగితం మీద ఏడుగురిని చంపాడు. భార్య శారద మూడో చావు దాకా విని, “ఆ చావుల చదువేదో బాల్కనీలో పెట్టుకోండి” అని తలుపు వేసేసింది. అప్పటినుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం వినే పని సాల్మన్ రాజుకి పడింది.

సాల్మన్ రాజు గార్డెన్ రీచ్‌లో ఓడల రిపేరు వర్క్‌షాపులో మేస్త్రీ. వాళ్ళ తాత బడ్జ్ బడ్జ్ మిల్లులో చేశాడు. ఆ తాత చెప్పిన సంగతుల కోసమే అనంతకృష్ణ మొదట ఆయన్ని పట్టుకున్నాడు. తర్వాత స్నేహమైంది. బల్ల మీదున్న ఐరిష్ విస్కీ సీసా నిజానికి సాల్మన్ రాజుది. పంపు బాగు చేసిపెట్టినందుకు ఒక ఓడ చీఫ్ ఇంజనీరు, ఐర్లండ్ మనిషి, చేతిలో పెట్టి వెళ్ళాడు. భార్య రోజమ్మ దాన్ని ఏక్‌బాల్‌పూర్ ఇంటి గడప దాటనివ్వలేదు. అందుకని అది అనంతకృష్ణ పుస్తకాల బీరువాలో కాపురముంటోంది. చర్చి అయ్యాక, భోంచేసి, బస్సెక్కి వచ్చి సాల్మన్ రాజు వారానికోసారి దాన్ని పలకరించి వెళతాడు.

“ఎలా ఉంది?” అన్నాడు అనంతకృష్ణ.

“బాగానే రాసినారు సార్. కానీ అలాక్కాదండి.”

“ఏది కాదు?”

“మేస్త్రీ ముందు కొట్టడు. సర్దారనండి, మేస్త్రీ అనండి, పెద్దోడు ఆఖర్న కొడతాడు.”

అనంతకృష్ణ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని పెన్ను తీశాడు. “మీ తాతగారు చెప్పారా?”

“తాతే సెప్పినాడు. దొంగతనం దొరికిందనుకోండి, పోలీసుల దాకా పోనివ్వరు. గ్యాంగులో ఒక్కొక్కడూ ఒక్క దెబ్బ కొట్టాల. కొట్టనోడుండకూడదు. అందరి సెయ్యీ పడితే రేపు సాక్ష్యం సెప్పేవోడు ఉండడు కదండీ. ఆఖర్న మేస్త్రీ కొడతాడు. మేస్త్రీ దెబ్బ పడిందంటే అయిపోయినట్టే. దాని తర్వాత ఇంకెవడూ తాడు ముట్టకూడదు.”

అనంతకృష్ణ రాయడం ఆపి తలెత్తాడు. కళ్ళు మెరిశాయి. “ఒక్క నిమిషం. మేస్త్రీ దెబ్బతో ఆగిపోవాలి కదా? మరి మేస్త్రీ కావాలని మొదటి దెబ్బే కొట్టేస్తే?”

“అయిపోద్దండి. ఇంకెవులూ కొట్టరు.”

“అంటే దయ ఉన్న మేస్త్రీ ముందే కొట్టి మనిషిని కాపాడొచ్చు!”

“కొట్టొచ్చు.”

“అబ్బ! ఎంత గొప్ప సంగతి చెప్పారండీ! కొట్టి కాపాడటం!” అనంతకృష్ణ సంతోషం పట్టలేక ఇద్దరి గ్లాసుల్లోనూ ఇంకాస్త పోశాడు. “ఇందులో నీళ్ళు కలపకండి. ఐరిష్‌ది ఇలాగే తాగాలి. పోనీ, ఆపగలిగి కూడా ఆపని మేస్త్రీలుండేవాళ్ళా?”

సాల్మన్ రాజు గ్లాసు ఎత్తి సగం ఒక్క గుక్కలో తాగాడు. గొంతు మండింది.

“ఉంటారు సార్.”

“ఇప్పుడివన్నీ లేవు కదా?”

“ఇప్పుడు నైలాన్ తాళ్ళండి. నైలాను నీళ్ళు తాగదు, బరువెక్కదు. అందుకే కొసన ముడేస్తారు.”

అనంతకృష్ణ అది హాస్యం అనుకుని నవ్వాడు. సాల్మన్ రాజు కుడిచెయ్యి బల్ల కిందకి తీసుకున్నాడు. శుక్రవారం పట్టుకున్న తాడు ఒరుసుకుని అరచేతిలో తోలు ఇంకా ఎర్రగానే ఉంది.

శుక్రవారం జరిగింది ఇది. ఒక ఓడ అగ్నిమాపక పంపులోని ఇత్తడి వాల్వు కనపడలేదు. వర్క్‌షాపు యజమాని మాలిక్ వచ్చి, సాయంత్రానికి దొరక్కపోతే పదిమందికీ గేటు పాసులు రద్దు, మీలో మీరు తేల్చుకోండి అని వెళ్ళిపోయాడు. గ్యాంగు కళ్ళన్నీ జయదేవ్ మీద పడ్డాయి. ఇచ్ఛాపురం మనిషి, నలభై దాటినవాడు, చేరి మూడు నెలలైంది, మధ్యాహ్నం సంచీ పట్టుకుని గేటు దాకా వెళ్ళొచ్చాడు. సంచీలో చేపతలకాయ తప్ప ఏమీ లేదని అతను చెప్పినా ఎవరూ వినలేదు. షట్టరు దించి, అతన్ని డ్రిల్లింగు మిషను స్తంభానికి కట్టారు. వెల్డరు బిశు మొదలుపెట్టాడు. రెండో దెబ్బకి జయదేవ్ ఏసుబాబనీ, జగన్నాథుడనీ, ఎవరి దేవుడు దొరికితే వాడిని పిలిచాడు. నాలుగో దెబ్బ నడుం పక్కన పడి గొంతులోంచి చప్పుడే రాలేదు. ఆరో దెబ్బకి పంట్లాం తడిసింది. మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాల్వు తన పేరు మీద ఉన్నది, మాట తన మీదికి వచ్చింది, ముప్పై నాలుగేళ్ళలో రాని మాట. కోపం నిజంగానే ఉంది. ఎనిమిది దెబ్బలూ పడనిచ్చి, అప్పుడు తాడు అందుకుని తొడ మీద కొట్టాడు. లోపల ఎముక పటుక్కుమంది.

“వచ్చే ఆదివారానికి ఆ ఘట్టం తిరగరాసి వినిపిస్తా” అన్నాడు అనంతకృష్ణ, గుమ్మం దాకా వచ్చి.

*

సోమవారం పొద్దున్న సాల్మన్ రాజు తన బల్ల కింద కిరసనాయిలు డబ్బాలో చెయ్యి పెట్టాడు. చిలుము పట్టిన బోల్టులు నానేసుకునే డబ్బా అది. నెలలు గడిచి లోపలి కిరసనాయిలు తారులా నల్లబడింది. ఏమున్నదీ కనపడదు, చేత్తో తడుముకోవాలి. వేళ్ళకి బోల్టు తగల్లేదు. గుండ్రంగా, బరువుగా ఇంకేదో తగిలింది.

పైకి తియ్యకముందే తెలిసిపోయింది. మూడు కిలోల ఇత్తడి వాల్వు. తియ్యకుండా అలాగే వంగి ఉండిపోయాడు. శుక్రవారం పది గంటలకి దాని మెడ దగ్గర పచ్చగా చిలుము చూశాడు. పోనీ కాసేపు నానితే పోతుందని తనే లోపల వేశాడు. డబ్బాలో ఏది వేసినా గుర్తుగా డబ్బా పిడికి గుడ్డపీలిక కట్టాలని గ్యాంగుకి నేర్పినవాడు ఆయనే. పీలిక చింపబోతుంటే మాలిక్ ఫోను చేసి రమ్మన్నాడు. వెళ్ళాడు. మరిచిపోయాడు.

మోచేతి దాకా నల్లటి కిరసనాయిలు కారుతుండగా సాల్మన్ రాజు చుట్టూ చూశాడు. అవతల బిశు వెల్డింగు ముసుగు వేసుకుని పనిలో ఉన్నాడు. ఎవరూ చూడలేదు. ఇప్పుడు దీన్ని తీసి గోనెలో చుట్టి సాయంత్రం నదిలో పడేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి సిగ్గు వెయ్యలేదు, భయం వేసింది. వాల్వుని మళ్ళీ లోపలికి జారవిడిచి, చెయ్యి తుడుచుకుని పనిలో పడ్డాడు. ఆ రోజు మూడుసార్లు కొలత తప్పాడు.

మంగళవారం పని దిగాక ఆసుపత్రికి వెళ్ళాడు. రోజమ్మ క్యారియర్లో గంజి, చింతకాయ పచ్చడి పెట్టి ఇచ్చింది. ఆమెకి చెప్పింది ఒకటే, తెలుగు మనిషి దెబ్బలు తగిలి పడున్నాడని. మిగతాది చెప్పలేదు.

జయదేవ్ మగతగా ఉన్నాడు. తొడకి ఇటికల బరువు కట్టి వేలాడదీశారు. పక్కనున్న గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మూత్రపిండం చితికిందని నర్సు చెప్పింది. మంచం పక్క నేల మీద కూర్చున్న ఆడమనిషి లేచింది. జయదేవ్ భార్య తవిటమ్మ. ఇతనే మేస్త్రీ అని మొగుడు సైగ చేయగానే, ఆమె గబుక్కున వంగి సాల్మన్ రాజు కాళ్ళు పట్టుకుంది.

“నువ్వు నేకపోతే మావోడిని సంపేసేవోరు బాబూ. ఇంకెందరు కొట్టాల్సి ఉండెనో. నీ దెబ్బ పడ్డాకే ఆగినారంట గదా. నువ్వే మద్దిన పడి ఆపేసినావంట.”

“లెగమ్మా. లే.”

“మావోడు దొంగ కాడు బాబూ. పోలీసులొచ్చి, ఆసుపత్రి నుంచి సీదా జైలుకే అన్నారు. మాలిక్ కేసు ఎట్టినాడంట. రేపు మీ కాడికొచ్చి అడగతారంట. నువ్వొక్క మాట సెప్పు. నీ మాటకి ఇలువుంటాది.”

ఆమె క్యారియరు అందుకుని మూత తీసి, గంజి చల్లార్చి, మొగుడి తల ఎత్తి రెండు చెంచాలు పట్టించింది. సాల్మన్ రాజు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కృతజ్ఞత ఆయన్ని తాడు కంటె గట్టిగా కొట్టింది.

*

బుధవారం పదకొండు గంటలకి ఠాణా నుంచి సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మాలిక్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పైనుంచి పడ్డాడు సార్, సామాను దొంగిలించి పారిపోతూ పరంజా మీంచి జారాడు అని చెప్పాడు. ఎనిమిదిమందీ వరసగా నిలబడి అదే చెప్పారు. బిశు అయితే ఏ మెట్టు మీంచి జారాడో కూడా చూపించాడు.

“మేస్త్రీ, నువ్వు చెప్పు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “వాల్వు పోయింది నీ బల్ల మీంచేగా?”

సాల్మన్ రాజు వెళ్ళి డబ్బాలో చెయ్యి పెట్టాడు. వాల్వు తీసి, గుడ్డతో తుడిచి, ఇన్‌స్పెక్టరు ముందున్న కాగితాల మీద పెట్టాడు. కిరసనాయిలు వాసన గుప్పుమంది. కాగితం మీద నల్లటి మరక పాకింది.

“ఇది నేను నానేసి మరిచిపోయాను” అన్నాడు బెంగాలీలో. “జయదేవ్ దొంగ కాదు. పరంజా మీంచి పడలేదు. కట్టేసి కొట్టాం. కాలు విరిచింది నేను.”

“కొట్టాం అంటే? ఇంకెవరు?”

“నా సంగతి రాసుకోండి. సంతకం పెడతాను.”

మరకైన కాగితం పక్కన పడేసి ఇన్‌స్పెక్టరు ఇంకోదాని మీద రాసుకున్నాడు. సాల్మన్ రాజు ఇంగ్లీషులో సంతకం చేశాడు. వాల్వు పట్టుకుని ఇన్‌స్పెక్టరు లేచాడు. మళ్ళీ వస్తాను, ఎవరూ ఎక్కడికీ పోవద్దు అన్నాడు. మాలిక్ అతని వెనకే కారు దాకా పరిగెత్తాడు.

షట్టరు దిగిన చప్పుడుకి సాల్మన్ రాజు వెనక్కి తిరిగాడు.

“మిస్త్రీదా,” అన్నాడు బిశు. పదహారేళ్ళుగా దాదా, అంటే అన్నా, అనే పిలిచే మనిషి. “మా పేర్లు చెప్పలేదు, సరే. కట్టేసి కొట్టాం అన్నావు. ఆ ఇన్‌స్పెక్టరు వెతుక్కోలేడా? మా పిల్లలేం తినాలి?”

మోకాళ్ళ వెనక తన్నారు. ముందుకి పడితే గడ్డం నేలకి తగిలి పన్ను ఒకటి నోట్లోకి వచ్చింది. స్తంభానికి కట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు. మొదటి దెబ్బ బిశుదే. నైలాన్ ముడి భుజం ఎముక మీద పడింది. రెండోది అదే చోట. మూడోది ఎవరిదో తెలియలేదు, మెడ పక్క నుంచి చెవిని చీల్చుకుంటూ పోయింది. వెచ్చగా కాలర్లోకి కారింది. ఆయన అరిచాడు. అరవకూడదనుకున్నాడు గాని, అరుపు అడిగి రాలేదు.

నాలుగో దెబ్బకి వెన్ను అంతా తెల్లటి మంటైంది. అప్పుడు ఆయనకి ఒక సంగతి అర్థమై ఒళ్ళు చల్లబడింది. ఆపాలంటే మేస్త్రీ దెబ్బ పడాలి. మేస్త్రీ నేల మీద ఉన్నాడు. ఎనిమిదయ్యాక ఎవరు ఆపుతారు? మళ్ళీ బిశు నుంచి మొదలవుతుంది. చచ్చేదాకా.

ఐదో దెబ్బ పడింది. ముడి పక్కటెముకల మీంచి జారి నేలని కొట్టింది. సాల్మన్ రాజు దాని మీద పడి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అవతలి వాడు లాగాడు. ఆయన వదల్లేదు. తాడు అరచేతుల్లో తోలు లేపుకుపోయింది, అయినా వదల్లేదు. మోకాళ్ళ మీదికి లేచి, ముడి చేతికి అందగానే, గాలిలోకి ఎత్తి, తన తొడ మీద తనే కొట్టుకున్నాడు. గట్టిగా, జయదేవ్‌ని కొట్టినంత గట్టిగా.

“మిస్త్రీ దెబ్బ పడింది” అన్నాడు, రక్తం ఉమ్ముతూ.

ఎవరూ కదల్లేదు. ఇంకా ముగ్గురి దెబ్బలు మిగిలి ఉన్నాయి. వాళ్ళలో ఒకడు అడుగు ముందుకేశాడు. బిశు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ వాడుక వాళ్ళు పుట్టకముందునుంచీ ఉన్నది, దాన్ని తప్పాలని వాళ్ళకి తోచలేదు. బిశు తాడు లాక్కుని, మోచేతికి చుట్టుకుంటూ వెళ్ళి మేకుకి తగిలించాడు. షట్టరు ఎవరో ఎత్తారు. ఎండ లోపలికొచ్చి నేల మీద రక్తాన్ని చూపించింది.

సాల్మన్ రాజు డ్రిల్లింగు మిషనుకి ఆనుకుని కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. బతికాననే సంతోషం ఒక్క క్షణం నిజంగానే కలిగింది. ఆ వెంటనే లెక్క తగిలింది. తనకైతే ఐదో దెబ్బకే ఆపుకున్నాడు.

*

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. చెవికి పదకొండు కుట్లు, తొడ నల్లగా వాచి ఉంది. రోజమ్మకి మొత్తం చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, లేచి మళ్ళీ గంజి కాచింది. శుక్రవారం ఠాణాకి పిలిచి అరెస్టు రాసుకుని బెయిలు మీద వదిలారు. జయదేవ్ మీద దొంగతనం కేసు పోయిందని అక్కడే తెలిసింది. ఆసుపత్రిలో సందర్శకుల్ని వదిలేది ఐదింటికి. మధ్యలో రెండు గంటలుంటే, ఇంట్లో కూర్చోలేక, అలవాటు చొప్పున క్యారియరుతోనే న్యూ అలీపూర్ బస్సెక్కాడు.

“ఏమిటండీ ఇది! ఏం జరిగింది?” అనంతకృష్ణ తలుపు దగ్గరే గాభరాపడ్డాడు. శారద మంచినీళ్ళు తెచ్చింది.

“పని కాడ దెబ్బలండి. కొత్తది సదవండి సార్. వింటాను.”

“ఇప్పుడా? పడుకోకుండా...”

“సదవండి.”

అనంతకృష్ణ సందేహిస్తూనే సీసా తీశాడు, గ్లాసుల్లో పోశాడు, కాగితాలు తీశాడు. నాలుగు వాక్యాలు చదివేసరికి ఎదుటివాడి చెవి కట్టు సంగతి మరిచిపోయాడు. కొత్త ఘట్టంలో సర్దారు, కూలీలింకా తాడు తడపకముందే, దాన్ని లాక్కుని మొదటి దెబ్బ తనే కొడతాడు. అందరూ ఆగిపోతారు. దెబ్బ తిన్నవాడి భార్య వచ్చి సర్దారు కాళ్ళ మీద పడుతుంది. “‘నువ్వు కొట్టిన దెబ్బే మాకు కాపుదల అయింది,’ అన్నది ఆమె.” అనంతకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. “నవల మొత్తం మీద ఇదొక్కటే వెలుగండీ. ఇది మీరిచ్చింది. పుస్తకం మీకే అంకితమిద్దామనుకుంటున్నాను.”

సాల్మన్ రాజు గ్లాసు ముట్టుకోలేదు.

“తీసెయ్యండి సార్.”

“ఏది?”

“ఆ వెలుగు. మేస్త్రీ ముందు కొట్టలేదు. ఆపొచ్చని ఆడికి తెలుసు. ఎనిమిదిమంది కొట్టినంతసేపూ సేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆడి మీద మాటొచ్చిందని కోపం. అందుకు నిలబడ్డాడు. అలాగ రాయండి.”

“అలా రాస్తే చదివేవాళ్ళు ఆ మనిషిని క్షమించరండీ.”

“సమించమని ఎవులడిగినారు?”

అనంతకృష్ణ కట్టు కట్టిన చెవినీ, తోలు లేచిన అరచేతుల్నీ వరసగా చూశాడు. కిందటి ఆదివారం తను నవ్వేసిన నైలాన్ తాడు మాట గుర్తొచ్చింది కాబోలు, మొహం పాలిపోయింది. చేతిలో పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచేశాడు. కింద దాకా దిగి ఆటో ఎక్కించాడు.

ఐదు దాటింది. జయదేవ్‌కి తెలివి బాగా వచ్చింది, దిండుకి ఆనుకుని ఉన్నాడు. తవిటమ్మ ఎదురొచ్చి చేతిలోని క్యారియరు అందుకుంది. చెవి కట్టు చూసి నోరు కొట్టుకుంది.

“నీ వొల్ల కేసు పోనాది బాబూ. మా కోసరం నీకీ దెబ్బలేటి...”

“ఆగమ్మా. నేనొకటి సెప్పాల.”

నిలబడే చెప్పాడు. వాల్వు సంగతి చెప్పాడు. అది ఆమెకి పోలీసులు చెప్పే ఉన్నారు, తల ఊపింది. మరుపు ఎవలికి రాదు బాబూ అంది. తర్వాత మేస్త్రీ దెబ్బ అంటే ఏమిటో చెప్పాడు. అది ఎప్పుడైనా కొట్టొచ్చని చెప్పాడు. మొదటే కొట్టొచ్చని చెప్పాడు.

ఆమెకి కొంచెంసేపు పట్టింది. మొగుడి వైపు చూసింది. జయదేవ్ కళ్ళు మూసుకుని మొహం గోడకి తిప్పుకున్నాడు.

“నీ ముందర ఎందరు కొట్టినారు?”

“ఎనిమిదిమంది.”

“ఎనిమిదిమంది కొట్టినంతసేపూ నువ్వేటి సేత్తన్నావు?”

“నిలబడ్డాను.”

తవిటమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చెయ్యి ఎత్తి ఒక్కటి కొడుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె కొట్టలేదు. చేతిలో ఉన్న క్యారియరు మూత బిగించి, కొక్కెం వేసి, ఆయన చేతికిచ్చింది.

“రేపట్నుంచి తేవద్దు” అంది.